అతిశయం దిగిన చోటు: ఆశీర్వాదప్పగారి సేవాప్రస్థానం

1989వ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, కుప్పంలోని మన పట్టు రైతుల సహకార సమాఖ్య కార్యాలయంలో శ్రీ కలకడ ఆశీర్వాదప్పగారు క్షేత్ర సహాయకులుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు ఆయనతోపాటు తండ్రి గంగప్పగారు కూడా వచ్చారు. జీవితమంతా ఇతరుల పొలాల్లో కూలి చేసిన ఆ పెద్దాయన కార్యాలయంలో అడుగుపెట్టడానికి జంకి గేటు బయటే నిలబడిపోతే, కుమారుడు చేయి పట్టుకుని లోపలికి తోడ్కొనివచ్చి, అధికారి ఎదుట కుర్చీలో కూర్చోబెట్టారు. "ఈడ కూర్చో నాయినా, ఎవరూ లెయ్యమనరు" అన్నారు. వంశంలో తొలిసారిగా నెలజీతం అందుకున్న మనిషి ఆశీర్వాదప్పగారు. తరతరాలుగా తల వంచుకు బతికిన ఇంటినుంచి వచ్చినవాడు తల ఎత్తుకుని నడవాలనుకోవడంలో దోషం లేదు. అయితే తల ఎత్తడానికీ, తలకెక్కడానికీ మధ్యనున్న గీతను తాను ఎప్పుడు దాటానో తనకే తెలియలేదని ఆయన అంటారు.

కుప్పంలో గడిపిన పదేళ్ళు ఆయన ఉద్యోగ జీవితానికి పునాది. ఒక ఊరివాళ్ళు తమిళంలో పలకరిస్తే, పక్క ఊరివాళ్ళు కన్నడంలో జవాబు చెప్పే ఆ సరిహద్దు సీమలో, ఆయన మూడు భాషల్లోనూ పట్టుపురుగుల గురించి అనర్గళంగా మాట్లాడటం నేర్చారు. సైకిలు మీద మల్బరీ తోటలకు వెళ్ళి, పురుగుల షెడ్లు కడిగించి, సున్నం చల్లించి, లేత ఆకు ఏదో ముదురు ఆకు ఏదో రైతుల చేతులు పట్టుకుని చూపించి, నమ్మకం సంపాదించారు. ఆయన పర్యవేక్షణలోని పంటలు నిలబడ్డాయి. ఆ నిలబడటంలోనుంచే, తర్వాత ఆయన నోట ఊతపదంగా మారిన మాట ఒకటి పుట్టింది: "నా సర్కిల్లో పంట పోదు."

1999లో క్షేత్రాధికారిగా పదోన్నతి పొంది పుంగనూరుకు వచ్చారు. సదుం మండలం కూడా ఆయన పరిధిలోకే వచ్చింది. అధికారిగా ఆయన ఖ్యాతి పెరిగినట్లే, అక్కడి క్రైస్తవ సంఘంలో పెద్దగానూ ఆయన గౌరవం పెరిగింది. ఆరాధనలో ఆయన దేవుడు తనకు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యం చెబుతున్నారంటే వెనుక వరుసలవారు ముందుకు జరిగి కూర్చునేవారు. "నేనేపాటివాణ్ణి? నాలో ఏముంది? అంతా దేవుని కృప" అని ఆయన మొదలుపెట్టేవారు. ఆ మాట అంటున్నంతసేపూ ఎవరి కళ్ళు చెమ్మగిల్లుతున్నాయో ఓరచూపుతో చూసుకునేవారు. దేవునియందు తప్ప మరి దేనియందూ అతిశయించరాదని పిల్లలకు బోధించే ఆయన, ఆ దేవుని పేరు అడ్డుపెట్టుకుని తనయందే అతిశయిస్తున్న సంగతి సంఘానికీ తెలియలేదు, ఆయనకూ తెలియలేదు.

ఈ వీడ్కోలు సంచిక కోసం వివరాలు అడగడానికి మా సహోద్యోగి శ్రీ తాజుద్దీన్ వెళ్ళినప్పుడు, ఆశీర్వాదప్పగారు ఒకే ఒక్క షరతు విధించారు. "రాస్తే సదుం సంగతి కూడా రాయండప్పా. లేకుంటే అసలు రాయద్దండి" అన్నారు. మనవళ్ళు చదివే పుస్తకం కదా సార్ అని తాజుద్దీన్ సందేహిస్తే, "వాళ్ళు చదవాలనే చెప్తాండాను" అన్నారు. కనుక ఈ కింది భాగం ఆయన అనుమతితోనే కాదు, ఆయన పట్టుదలతోనే ఇక్కడ అచ్చవుతున్నది.

అది 2011, అక్టోబరు మాసంలో ఒక శనివారం. మరునాడు ఆదివారం కోత పండుగ. సంఘస్థులు తమ తొలిఫలాలను దేవాలయానికి తెచ్చి అర్పించే రోజు. రాగి వెన్నులూ, గుమ్మడికాయలూ, టమాటా బుట్టల నడుమ, బలిపీఠం ముందు ఉంచడానికి ఆయన ఒక వెడల్పాటి తట్టనిండా తెల్లని పట్టుగూళ్ళు సిద్ధం చేశారు. దానికి "ఆశీర్వాదప్ప సర్కిల్" అని ఒక అట్టముక్క కూడా తగిలించారు. సాయంత్రం ఇంట్లో సాక్ష్యం మననం చేసుకుంటూ ఉండగా, సదుం దగ్గరి ఒక పల్లెనుంచి మునిరత్నమ్మ అనే రైతు ఫోన్ చేసింది. భర్త పోయాక రెక్కల కష్టంతో మల్బరీ తోట పెంచుకుని, పురుగులు మేపుకుంటున్న మనిషి.

"సార్, పురుగులు ఆకు ముట్టడం లేదు. తట్టల అంచుల్లో తిరగతా ఉండాయి. ఒళ్ళు ఉబ్బినట్టుండాది. ఒక్కసారి వచ్చి సూడండి సార్."

"తడి ఆకు ఏసింటావు, అంతేనమ్మా. సున్నప్పొడి సల్లు. నేనుండాను కదా! నా సర్కిల్లో పంట పోయేదే లేదు. సోమవారం వస్తా."

"సోమవారం దాకా ఉంటాయా సార్?"

ఆ ప్రశ్న ఆయనకు స్పష్టంగా వినిపించింది. అయినా ఫోన్ పెట్టేశారు. ఆమె చెప్పినవి పాలరోగం లక్షణాలని ఆయనకు తెలియక కాదు. ఎన్నో రైతు సమావేశాల్లో ఆయనే బల్ల గుద్ది చెప్పిన లక్షణాలవి. రోగం సోకిన పురుగులను వెంటనే ఏరి పారేస్తే తక్కినవి దక్కుతాయనీ, ఒక పూట ఆలస్యమైతే తట్టకు తట్టా తుడిచిపెట్టుకుపోతుందనీ ఆయనే చెప్పేవారు. కానీ ఆ సాయంత్రం ఆయన చెవినిండా మరునాడు తాను పలకబోయే మాటలే ఉన్నాయి. మరొకరి మాటకు అందులో చోటు లేదు.

ఆదివారం దేవాలయం కిటకిటలాడింది. ఆశీర్వాదప్పగారు లేచి, తండ్రి కూలి బతుకునుంచి మొదలుపెట్టి, దుమ్ములోనుంచి తనను లేవనెత్తిన దేవుణ్ణి స్తుతించి, "పన్నెండేండ్లుగా పుంగనూరులో నా చేతికింద ఒక్క పంట పోలేదు. ఇది నా గొప్ప కాదు. నేను వట్టి పనిముట్టును" అని గద్గదస్వరంతో అన్నారు. సంఘమంతా స్తోత్రం అన్నది. సరిగ్గా అప్పుడే, చెప్పులు బయట విడిచి, ద్వారం దగ్గర గోడకు ఒదిగి నిలుచున్న మునిరత్నమ్మ ఆయన కంటబడింది. కొంగుకింద ఒక చాట పట్టుకుని ఉంది.

ఆ క్షణంలో గొంతు ఆగి ఉంటే బాగుండేదని ఆయన ఈనాటికీ అంటారు. గొంతు ఆగలేదు. చూసీ చూడనట్లు మరో రెండు మాటలు అధికంగానే చెప్పి, చప్పట్ల మధ్య కూర్చున్నారు.

ఆరాధన ముగిశాక అందరూ వచ్చి ఆయన చేయి పట్టుకుని అభినందిస్తున్నంతసేపూ ఆమె పక్కన వేచి ఉంది. జనం పలచబడ్డాక దగ్గరకు వచ్చి చాటమీది గుడ్డ తీసింది. నల్లబడి, కుళ్ళి, పాలవంటి రసం కారుతున్న పురుగులు.

"రాత్రే రాలను మొదలుపెట్న్యాయి సార్. తెల్లారేటప్పటికి అన్ని తట్టలూ ఇంతే. మీ ఇంటికి పోతే ఈడుండారని చెప్పిరి. మీరు దేవుని ముందర మాట్లాడతా ఉంటిరి, అడ్డం రాకూడదని నిలబడుకోనుంటి."

'యాల ముందే చెప్పలేదమ్మా' అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు కొద్దీ వచ్చిన మాట అది. ఆమె ముందే చెప్పిందని గుర్తుకు వచ్చి ఆయన దాన్ని మింగేశారు. ఇంతలో ఆమె, కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్లుగా అడిగింది:

"ఒక్క పంటా పోలేదని మీ దేవునికి చెప్తా ఉంటిరి కదా సార్. మాది లెక్కలోకి రాదా?"

ఆ ప్రశ్న విన్నవారు ముగ్గురే: ఆయన, ఆయన సతీమణి శ్రీమతి సుగుణమ్మగారు, తలుపు మూస్తున్న పాస్టరుగారు. అయినా ఊరంతటి నడుమ వివస్త్రుడై నిలబడినట్లు ఆయనకు అనిపించిందట. ఆమెను స్కూటరు వెనుక కూర్చోబెట్టుకుని సదుం దారి పట్టారు. పండుగ బట్టలతోనే షెడ్డులో దిగి, కంపు కొడుతున్న తట్టలను ఒక్కొక్కటిగా మోసుకొచ్చి, గుంత తీసి, పురుగులను సున్నంతో కప్పి పూడ్చారు. "చొక్కా పాడైపోతుంది సార్, మీరు జరగండి" అని ఆమె అన్నకొద్దీ ఆయనకు సిగ్గు పెరిగింది. అంతా అయ్యాక ఆమె గట్టుమీద చతికిలబడి, "ఇంక ఈ పురుగులు నాకొద్దు సార్. తోట పీకేసి టమాటా పెట్టుకుంటా" అన్నది. వద్దనడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. వారం తిరిగేసరికి, ఆమె తన చేతులతో నాటుకున్న తోటలో సగభాగం వేళ్ళతో సహా గట్టుమీదికి చేరింది. మిగిలిన సగం పీకడానికి కూలీలు దొరకక ఆగింది.

మరుసటి ఆదివారం ఆరాధనకు ముందు ఆయన పాస్టరుగారిని కలిసి, మాట్లాడటానికి అవకాశం ఇవ్వమని కోరారు. సంగతి తెలిసిన పాస్టరుగారు, "దేవునికి చెప్పుకున్నావు కదప్పా, చాలదా?" అన్నారు. "అబద్ధం అందరి ముందరా చెప్పినాను అయ్యగారూ. నిజం చాటుగా చెప్తే ఎట్లా?" అన్నారు ఆశీర్వాదప్పగారు. లేచి నిలబడి, ఫోన్ వచ్చిన సంగతీ, పెట్టేసిన సంగతీ, ద్వారం దగ్గర ఆమెను చూసి కూడా ఆపని సంగతీ దాచకుండా చెప్పి, తలవంచుకుని కూర్చున్నారు.

కథ అక్కడితో ముగిసి ఉంటే ఆయన ఇంత పట్టుబట్టి రాయమనేవారు కారు. ఆరాధన ముగిశాక జనం మళ్ళీ చుట్టుముట్టారు. "ఎంత తగ్గింపు సార్ మీకి! ఇట్లాంటి మనసు ఇంకెవరికి ఉండాది?" అన్నారు. ఆ మాటలు ఆయనకు తీయగా తగిలాయి. తాను ఎలా తలవంచానో, గొంతు ఎక్కడ వణికిందో ఇంటికి వెళ్ళే దారిలో మళ్ళీ మళ్ళీ తలచుకుని మురిసిపోతున్న తనను తాను పట్టుకున్నారు. మధ్యాహ్నం పళ్ళెం ముందు కూర్చుని అన్నం కలపలేకపోయారు.

"తప్పు ఒప్పుకున్న్యా కూడా నాకి గొప్పగానే ఉండాది సుగుణా. ఇంక యాడికి పోయేది నేను?"

సంఘపు ఆదివారపు బడిలో ముప్పై మంది చిన్నపిల్లలకు పాఠం చెప్పి అలసే సుగుణమ్మగారు ఓదార్పు మాటలేవీ వెతకలేదు. పళ్ళెం ఆయన ముందుకు జరిపి, "అన్నం తిని సదుంకి పో. ఆడ నిన్ను పొగిడేవాళ్ళు ఎవరూ లేరు" అన్నారు.

ఆయన వెళ్ళారు. మునిరత్నమ్మ ఆదరించలేదు, వెళ్ళగొట్టనూ లేదు. షెడ్డు గోడలు గీకి కడగటంలోనూ, పీకిన చోట నేల చదును చేయడంలోనూ, సెలవురోజుల్లో ఆయన చేయి సాయం పట్టారు. వేసవి దాటాక ఒకనాడు ఆమె, "మిగిలిన ఆకుకి సరిపోయే పురుగులు ఏస్తా సార్. అయితే ఫోన్లో చెప్పేది వద్దు. పిలిస్తే రావల్ల" అన్నది. పిలిచిన ప్రతిసారీ ఆయన వెళ్ళారు. కొన్నిసార్లు పిలవకపోయినా వెళ్ళారు. పురుగులు గూడు అల్లుకునే వెదురు చంద్రికల మీద గూళ్ళు తెల్లగా నిండిన రోజున, చూడవచ్చిన ఇరుగుపొరుగువారు "సార్ చెయ్యి పడింది కదా, పంట యాల రాదు!" అంటే, ఆమె అక్కడే ఖండించింది. "సార్ చెయ్యి కాదు. నా నడుము, పైనోడి దయ. సార్ పిలిస్తే వచ్చినాడు, అంతే."

ముప్పై ఆరేళ్ళ సేవలో తనకు దక్కిన ప్రశంసాపత్రాలన్నిటిలో ఇంటి గోడకు తగిలించదగినది ఇదొక్కటేనని ఆశీర్వాదప్పగారి అభిప్రాయం. ఆమె తోట మాత్రం నేటికీ సగమే. అటువైపు బండి మీద వెళ్ళినప్పుడల్లా ఆ టమాటా మడి చూసి తల తిప్పుకుంటానని ఆయన ఒప్పుకున్నారు.

2015లో శిక్షణాధికారిగా మదనపల్లెకు బదిలీ అయి, పదవీ విరమణ వరకు ఇక్కడే సేవలందించారు. ఆయన వద్ద శిక్షణ పొందిన యువ క్షేత్ర సహాయకులు నేడు కుప్పం మొదలుకొని కలకడ వరకు పనిచేస్తున్నారు. వారిలో ఒకరైన కుమారి హరిత, రోగం సోకిన పురుగులను మంచివని పొరపాటుగా ధ్రువీకరించి, భయంతో ఆ సంగతి దాచిపెట్టిన సందర్భంలో, ఆయన మందలించలేదు. ఆమెతోపాటు రైతు ఇంటికి వెళ్ళి పక్కన నిలబడ్డారు. తప్పు ఆమె చేతనే చెప్పించి, తిట్లు మాత్రం తానూ సగం పంచుకున్నారు. తిరిగి వస్తుంటే హరిత "మీరు చానా గొప్పోళ్ళు సార్" అనగానే, ఆయన బండి ఆపేశారట. "ఆ మాట దేవునికి చెప్పుకోమ్మా. నాకి పడదు. నాకి షుగరుండాది కదా, అట్లాంటిదే ఇదీ. కొంచెం తిన్న్యా ఎక్కతాది" అన్నారు.

2025 జూన్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్న మా ఆత్మీయ సహోద్యోగికి శాలువా కప్పడానికి ఒప్పించేసరికే మాకు తలప్రాణం తోకకు వచ్చింది. కనుక వారి వైద్యం వారికే ఎరుకని గ్రహించి, ఈ అభినందనను ఇంతటితో మితం చేస్తున్నాము. శ్రీమతి సుగుణమ్మగారి నిర్మొహమాటమైన సంరక్షణలో, బిడ్డలూ మనవళ్ళ సాహచర్యంలో, వారు సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలనీ, ఆ రెండు వ్యాధులలో దేహానికి సంబంధించినది మందులకూ, మనసుకు సంబంధించినది వారు నమ్మిన దేవునికీ లోబడి ఉండాలనీ, ఎవరు పిలిచినా లేచి వెళ్ళగల సత్తువ ఆ మోకాళ్ళకు నిండు నూరేళ్ళూ ఉండాలనీ సమాఖ్య సిబ్బంది అందరి పక్షాన హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తున్నాము.