ఐదుకి ఐదు

రిటైర్డు టీచరు దీనమ్మగారి పాకలో, ఆవు నడ్డి మీద చెయ్యేసి చూస్తున్నాడు పశువుల డాక్టరు ప్రవీణ్ కుమార్. పక్కనే ఆవిడ భర్త లాజరుగారు.

"ఐదుకి ఐదండి, టీచర్‌గారూ."

"విన్నారా, ఏమండీ? పోయినసారి మూడే వేసేడు. అరవై శాతం. మన ఇంట్లో అరవై శాతం ఎవరికొచ్చింది?"

"నాకొచ్చింది కదే."

"మీరూరుకోండి. ఒరేయ్ ప్రవీణూ, ఇంకోసారి చూసి చెప్పరా. వీధిలో అందరికీ చెప్పుకోవాలి."

"చెప్పకండి. ఇవి మార్కులు కావండి, ఒంట్లో కొవ్వు లెక్క. ఒకటంటే ఎముకల గూడు. ఐదంటే కొవ్వు ముద్ద. మనకి కావలసింది మూడండి."

"మూడు కావాలని ఎవడన్నా చదువుతాడా?"

"పక్కటెముకల మీద చెయ్యేసి చూడండి. తగులుతున్నాయా?"

"లేదురా. దిండులా ఉంది."

"ఆయ్. అందుకేనండి, రెండుసార్లు సూది వేయించినా చూడు నిలవలేదు. ఇంత కొవ్వుంటే చూడు కట్టదండి."

"అయ్యో. ఈసారీ కట్టకపోతే సంతకి తోలేస్తానంటున్నారు ఈయన. నా రాణిని."

"మేత తగ్గించి, రోజూ కాలవ గట్టు మీద నడిపించండి. మూడుకి దిగితే కడుతుంది."

"దింపాలా? నా సర్వీసులో ఎవడికీ మార్కులు దింపలేదురా."

"నాకు దింపేరండి. ఆరో తరగతిలో. చేతిరాత బాలేదని."

"బాలేదు మరి."

"సరేనండి. ఇంతకీ ఏం పెడుతున్నారు?"

"పూటకో బకెట్టు తవుడు, గుప్పెడు ఉలవలు. అంతే."

"ఆ మాత్రం మేతకి ఇంత కొవ్వు పట్టదండి. ఇంకెవరో పెడుతున్నారు."

"ఇంకెవరున్నారు? ఈయనా? ఈయన అమ్మేస్తానంటుంటే."

"మరి రాణి లాజరుగారి జేబు నాకుతోందేంటండి?"

"చెమటయ్యా, ప్రవీణూ. ఉప్పగా ఉంటుంది కదా."

"ఏమండీ, జేబు చూపించండి."

"ఎందుకే ఇప్పుడు, డాక్టరుగారి ముందు?"

"చూపించండి. ఇదేంటి? చక్రకేళీ. ఇదిగో ఇంకోటి. షుగరున్న మనిషి జేబులో అరటిపళ్ళేంటండీ?"

"నాకు కాదులే."

"అది తెలుస్తూనే ఉంది, రాణి తొక్కతో సహా నమిలేస్తోంది. అయితే రోజూ మీరూ మేపుతున్నారా? మరి నోరు తెరిస్తే సంత, సంత అని నన్నెందుకు ఏడిపించేరు?"

"నేనలా అంటే భయపడి, నువ్వింకో బకెట్టు ఎక్కువ పెడతావని, దీనమ్మా."