కాలేజీని తిప్పిన మిక్సీ మోటారు

ఏమయ్యా టైలరూ, ఆ కత్తెర పక్కన పెట్టి ఇలా టీకొట్టు బల్లమీద కూర్చో, నవ్వొచ్చే ముచ్చట చెప్తా. మా అక్క కూతురు కాలేజీలో ప్రాజెక్టు చేస్తోంది. మంచాన పడ్డ మా అమ్మని మీట నొక్కితే లేపి కూర్చోబెట్టే మంచమట. రేపే పరీక్ష, మంచం లేవకపోతే ఏడాది చదువు గంగపాలు. దానికి గేరున్న మోటారు కొనాలా, గేరు లేనిది కొనాలా అని పిల్లలంతా కలిసి నెల్లాళ్లు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఇవీ ఒక చదువులేనా? నేను వెళ్లి పాత సామాన్ల కొట్లో ఓ మిక్సీ మోటారు కారుచౌకగా పట్టుకొచ్చి వాళ్ల చేతిలో పడేశాను.

"మిక్సీ మోటారు మనిషిని లేపుతుందా?"

టీకొట్టాయనా, నీకు టీ వడకట్టడం తప్ప ఏం తెలుసయ్యా? నా చదువప్పుడు ఇంతకన్నా నాసిరకం మిక్సీ మోటారుతో బావిలోంచి బకెట్టు నీళ్లు తోడి చూపించాను. మీట నొక్కగానే బకెట్టు వచ్చింది, బకెట్టు వెనకే బావిలో నీళ్లన్నీ వచ్చాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా మాస్టారు "ఆపరా నాయనా" అంటూ తాడు పట్టుకుని ఆయనా పైకి పోయాడు, ఆయన కాళ్లు పట్టుకుని ప్రిన్సిపాలు, ప్రిన్సిపాలు కాళ్లు పట్టుకుని గుమాస్తాలు, మొత్తం ఆఫీసు గాల్లోనే! ఆ రోజు సంతకాలన్నీ అక్కడే పెట్టారు.

"మోటారు కాలిపోలేదూ?"

కాలడమా టైలరూ, దానికింకా వేడే ఎక్కలేదు! ఆ తాడు తీసి కాలేజీ స్తంభానికి కట్టాను. మా క్లాసులో ఎప్పుడూ చీకటే, కిటికీలన్నీ ఎదురింటి గోడవైపు. మీట నొక్కానో లేదో, కాలేజీ గిర్రున తిరిగి కిటికీలు తూర్పుకొచ్చి ఆగాయి. ముందు గేటు వాచ్‌మన్ కూర్చున్నచోటే వెనక గేటు వాచ్‌మన్ అయిపోయాడు.

"అబ్బ ఛా!"

ఛా ఏంటయ్యా ఛా? ఆ ఊపుకి ఊరు, ఊరుతోపాటు భూమీ కాస్త అటు జరిగాయి. ఆ సాయంత్రం పొద్దు ఎంతకీ గుంకదే! చివరికి నేనే జాలిపడి భూమిని మళ్లీ యథాస్థానానికి తిప్పి ఇంటికెళ్లాను. ఇప్పటి పిల్లలట, లెక్కలేసి మోటారు కొంటారట! అదుగో, మాటల్లోనే వచ్చింది మా మేనకోడలు. ఏమ్మా, మంచం లేచిందా? ఇప్పటికైనా మీ మేధావులకి బుద్ధొచ్చిందా?

"విడిగా తిప్పితే ఇల్లదిరిపోయే మోత మావయ్యా. మంచానికి బిగించి అమ్మమ్మని పడుకోబెట్టేసరికి ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది."

ఎక్కడో వైరు వదులై ఉంటుంది.

"వైరు కాదు. దానిమీద రాసి ఉన్నది నో-లోడ్ స్పీడు. అంటే, ఏ బరువూ మీద పడనంతసేపే ఆ జోరంతా. బరువు పడిందా, చతికిలబడుతుంది. అచ్చం నీలాగే."

టైలరూ, ఎందుకయ్యా ఆ ఇకిలింపు?

"నేను బరువు మోసే గేరు మోటారు తేవడానికి వెళ్తున్నా. పొద్దుట్నుంచీ అమ్మమ్మని ఒక్కతే ఎత్తీ ఎత్తీ అమ్మకి నడుం పట్టేసింది. భూమినే తిప్పినవాడివి కదా మావయ్యా, ఇంటికెళ్లి మీ అమ్మని కాస్త పక్కకి తిప్పి పడుకోబెట్టు."