రెండు సోలలు

తెనాలి. వేసవి మధ్యాహ్నం, వంటింట్లో అత్తగారు ఆండాళమ్మ, కోడలు పద్మజ. గట్టు మీద కాటా, గీతల జగ్గు, ఉప్పు కొలిచే ఇత్తడి సోల.

“మళ్లీ చెప్పండత్తయ్యా. ఆవకాయకి, పాతిక కాయలకి ఉప్పెంత?”

“మూడు సోలలని మూడుసార్లు చెప్పాను. చెవుల్లో దూది పెట్టుకున్నావా?”

“గ్రాముల్లో కావాలండి. లైసెన్సు కాగితంలో సోలలు రాస్తే తీసుకోరు.”

“తీసుకోకపోతే పోయె. మూడు తరాలుగా ఊరంతా తింటోంది. ఏ కాగితం చూసి తిన్నారు?”

“సీసాల్లో పెట్టి అమ్ముదామన్నది మీ అబ్బాయి. ఆయన్నడగండి.”

“వాడికేం తెలుసు, కలుపుకుని తినడం తప్ప. సోలంటే అరలీటరుంటుంది, రాసెయ్.”

“ఉండదు. నీళ్లు పోసి కొలిచాను. నాలుగు వందల మిల్లీలీటర్లే పట్టింది.”

“అయితే నాలుగొందల గ్రాములు. దీనికింత రాద్ధాంతమెందుకు?”

“అట్లా కుదరదండి. ఆ లెక్క నీళ్లకే. ఉప్పు బరువు, కారం తేలిక. ఒక్కోటి సోలలో పోసి కాటా వెయ్యాలి.”

“వేసుకో. ఎంత తూచినా కలిపే చెయ్యి మంచిదవ్వాలి. ఎల్లుండి రేపల్లె నుంచి ప్రసూన వస్తోంది. ఈ ఏడు కలిపేది అదే. ఇక మీదట కూడా అదే.”

“మీ అమ్మాయా? కాయలు కొట్టేది నేను, టెంక తీసేది నేను, సీసాలు కట్టేది నేను. కలిపేది మాత్రం...”

“నువ్వు కలిపితే బూజు. నాచేత మళ్లీ చెప్పించకు.”

“చెప్పండి. కొలకలూరు సంగతేగా?”

“కొలకలూరే. గృహప్రవేశంలో అంతమంది ముందు నువ్వు పెట్టిన జాడీ మూత తీస్తే, పైన తెల్లగా తెట్టు. తలెత్తుకోలేకపోయాను.”

“తలెత్తుకోలేకపోయింది నేనండి. నా చెయ్యి మంచిది కాదని పంక్తిలో అందరూ వినేట్టు అన్నది మీరు. తొమ్మిదేళ్లయింది, జాడీ ముట్టుకోనివ్వలేదు.”

“ముట్టుకుంటే పాడవుతుంది కనుక.”

“అప్పటికి వరసగా మూడేళ్లు పాడయ్యేసరికి నేనూ నమ్మాను. బాపట్లలో మా అమ్మ జాడీ దగ్గరికి కూడా వెళ్లడం మానేశాను.”

“మంచి పని చేశావు.”

“ఇది చూడండి.”

“ఏంటది?”

“ఇంకో సోల. నేను కాపరానికొచ్చిన ఏడాది నా చేతికిచ్చారు, దీంతో కొలువమని.”

“ఇస్తే?”

“ఇందాక దీన్లోనూ నీళ్లు పోశాను. మూడు వందలే పట్టింది.”

“జగ్గు సరిగ్గా చూసుండవు.”

“నాలుగుసార్లు చూశాను. పైకి రెండూ ఒకే ఎత్తు. దీనికి అడుగు మందం. మీ మాట ప్రకారం మూడు సోలలే పోశాను, పడాల్సిన ఉప్పులో ముప్పావు వంతే పడింది. బూజు పట్టక ఏం పడుతుంది?”

“పాత సామాను. ఎవరు కొలిచి చూశారు?”

“మీరు చూడలేదా?”

“పొయ్యి మీద పాలు చూడు ముందు.”

“పాలు లేవు. చూశారా, లేదా?”

“గొంతు తగ్గించు.”

“తగ్గించను. ఇన్నేళ్లు ఆవకాయ తిన్న మనిషికి ఉప్పు తక్కువైందని నాలిక మీద తెలీలేదా? తెలిసీ నా చేతి మీదికి నెట్టారా?”

“ఆ చిన్న సోల మా అత్తగారు నాకిచ్చింది.”

“ఏంటీ?”

“ఇరవై రెండేళ్లు ఈ ఇంట్లో నా చెయ్యి కూడా మంచిది కాదు. ఆవిడ పోయాక ఆవిడ పెట్టెలో పెద్దది దొరికింది. ఆ రోజే రెంటిలోనూ నీళ్లు పోసి చూశాను.”

“ఎప్పుడండీ? మా పెళ్లికి ముందా?”

“ఆరేళ్లు ముందు.”

“అంత ఏడ్చినవాళ్లు, దాన్ని అవతల పారెయ్యకుండా నాకిచ్చారా?”

“చింతపండు పెట్టి తోమి మరీ ఇచ్చాను.”