వెనుక నిలబడిన మనిషి

1993 జులై 12, సోమవారం ఉదయం వ్యాయామోపాధ్యాయులుగా మన పాఠశాలలో అడుగుపెట్టిన శ్రీ వహీదుద్దీన్ గారు, ముప్పై రెండేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి విజిల్ వినబడితే పిల్లలే కాదు, ప్రార్థనకు ఆలస్యమైన ఉపాధ్యాయులమూ పరుగు లంకించుకునేవాళ్లం. ఇకపై మమ్మల్ని పరిగెత్తించేవారు ఉండరన్నది సంతోషించవలసిన విషయం కాదని ఇప్పుడు తెలుస్తోంది.

జహనుమా, పురానాపూల్ వాడల ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పి, తొలి పదేళ్లలోనే జిల్లా జట్టుకు పదకొండు మందిని అందించిన ఘనత వారిది. ఆ రోజుల్లో వారికి గెలుపంటే ప్రాణం, అంపైరంటే గిట్టదు.

2006 జిల్లా ఫైనల్‌కు అంపైర్, నయాపూల్‌లో షేర్వానీలు కుట్టే బాబురావు గారు. ఒక నిర్ణయం మనకు వ్యతిరేకంగా రాగానే వహీద్ గారు అందరూ వినేలా, "కండ్లు కనబడ్తలేవా బాబురావ్? దుకాణంల సూదికి దారమెట్ల ఎక్కిస్తున్నవ్?" అన్నారు. జనం నవ్వారు. బ్యాట్ పట్టిన అమ్మాయి వెనుక, అంపైర్‌కు ముందు కూర్చుని బంతి పట్టే మన క్యాచర్ ఆఫ్షీన్‌కు అప్పుడు పద్నాలుగేళ్లు. గురువుగారి కోపమే తన కోపమనుకుంది. మరుసటి బంతిని ఆపకుండా కావాలనే పక్కకు ఒరిగింది. బంతి వెళ్లి వెనుక నిలబడిన బాబురావు గారి కుడి భుజాన్ని విరగ్గొట్టింది.

ఎముక అతికింది గాని ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. బంతి సరిగ్గా పడింది, స్ట్రైక్ అని చెప్పడానికి అంపైర్ ఎత్తవలసింది ఆ చెయ్యే. ఆసుపత్రిలో ఆయన అన్నది ఒక్కటే: "పిల్లనేమనకు వహీద్ భాయ్. నువ్వు నోటితోని కొట్టినవ్, ఆమె బాల్‌తోని కొట్టింది." ఆఫ్షీన్ మళ్లీ గ్లవ్ తొడగలేదు.

ఆనాటి నుంచి ప్రతి కొత్త క్యాచర్ వెనుక వహీద్ గారే మాస్కు తగిలించుకుని నిలబడి పాఠం మొదలుపెట్టేవారు. "నీ యెనకున్న మనిషి నిన్ను నమ్మి నిలబడ్డడు బేటా. అడిగేదుంటే ముందుకు చూస్కుంటనే మెల్లగ అడుగు. తిరిగి లొల్లి పెడితే నలుగుట్ల ఆయన ఇజ్జత్ పోతది." ప్రతి ఆటకు ముందు బంతి గురించి అంపైర్‌కు మన క్యాచర్లిచ్చే మాట కూడా వారు నేర్పినదే: "ఫికర్ చేయకుండ్రి సార్, మీ దాంక రానియ్య."

వీడ్కోలు మ్యాచ్‌కు బాబురావు గారినే అంపైర్‌గా నిలబెట్టి, ఎడమ చేత్తోనైనా స్ట్రైక్ చెప్పించాలన్నది వహీద్ గారి కోరిక. ఆహ్వానపత్రం తీసుకుని వెళ్లేసరికి ఆయన కాలం చేసి నాలుగు రోజులైంది. "పంతొమ్మిదేండ్లు ప్రతి ఈద్‌కు షీర్ ఖుర్మా పట్కపోయిన. మాఫ్ చెయ్యమని మాత్రం ఒక్కసారి గూడ అడగలే," అని స్టాఫ్‌రూమ్‌లో మా అందరి ముందూ ఏడ్చారు.

మొన్న శనివారం ఆ మ్యాచ్‌కు అంపైర్‌గా వారే నిలబడ్డారు. క్యాచర్ మున్నీ తల తిప్పకుండానే, "ఫికర్ చేయకుండ్రి సార్, మీ దాంక రానియ్య," అంది. తొలి బంతి స్ట్రైక్. వహీద్ గారు కుడి చెయ్యి ఎత్తబోయి దించుకుని, ఎడమ చెయ్యి ఎత్తారు.

వారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు జీవించాలని, అడగలేకపోయిన ఆ మాట బరువు రోజురోజుకీ కొంతైనా తగ్గాలని, వారి వెనుక మేమంతా నిలబడే ఉంటామని సవినయంగా మనవి చేస్తున్నాము.