రెండో గిన్నె

పశువుల డాక్టరు బల్ల మీద చిన్న గినీ పిగ్ ముడుచుకుని కూర్చుంది. పక్కనే బుట్టలో దాని అక్క తీరిగ్గా గడ్డి నములుతోంది. వాటిని తెచ్చిన టైలరమ్మ బల్లని ఆనుకుని నిలబడింది.

“కాళ్లు ఈడుస్తోంది డాక్టరుగారూ. బతుకుతుందా?”

“బతుకుతుంది. విటమిన్ సి చాలక కీళ్లు వాచాయి. ఏం పెడుతున్నారు?”

“ఎండుగడ్డి ఎప్పుడూ ఉంటుంది. మీరు చెప్పినట్టే రోజూ క్యాప్సికం కోసి వేస్తున్నానండీ. నా కుట్టు మిషన్ మీద ఒట్టు!”

“ఎన్ని గిన్నెల్లో?”

“ఒక్కటే. అక్కాచెల్లెళ్లే కదా, పంచుకు తింటాయని...”

“తినేటప్పుడు ఎప్పుడైనా దగ్గరుండి చూశారా?”

“నాకెక్కడ కుదురుతుందండీ! సాయంత్రానికి గిన్నె ఖాళీ. తిన్నాయిలే అనుకుంటాను.”

“ఖాళీ చేసింది పెద్దది. దాని పొట్ట చూడండి. చిన్నది భయపడి గిన్నె దగ్గరికే వచ్చుండదు. మందిస్తాను. ఇక నుంచి రెండు గిన్నెలు దూరం దూరంగా పెట్టండి. చిన్నది తినేదాకా అక్కణ్ణుంచి కదలకండి.”

ఆమె బుట్ట మూత వెయ్యబోయి ఆగిపోయింది.

“నాకూ ఇద్దరమ్మాయిలండీ. పొద్దున్నే వండి బల్ల మీద పెట్టేసి మిషన్ ముందు కూర్చుంటాను.”

“ఊఁ.”

“చిన్నది ఈమధ్య మెట్లెక్కితే ఆయాసపడుతోంది డాక్టరుగారూ. సాయంత్రానికి గిన్నె మాత్రం ఖాళీగానే ఉంటోంది.”