జర దిగుర్రి అమ్మా

రేపట్నించి నేను పంజాగుట్టల ఒకరింట్ల కారు డ్రైవర్ పనిల జేరుతున్న. నడుపుడొచ్చు గని నాకు టైరు మార్చుడు రాదు. ఎస్.ఆర్. నగర్‌ల నేనుండే రూము ఓనరు మల్లయ్య తాత ముప్పై ఏండ్లు కార్లు నడిపిండు. ఆయన అల్లుని కారు గల్లీల నిలవెట్టి, నేర్పిస్త రమ్మన్నడు. తాత ముందు సీట్ల కూసున్నడు. నేను మర్శిపోతనని ఫోన్ల రికార్డు పెట్టి, జాకీ వట్టుకొని అడిగిన.

“తాతా, జాకీ పెట్టాల్నా?”

ఆగు కొడుకా, ఆగు. జాకీ కింద వెట్టు. కారు కింద గాదు, పక్కకు వెట్టు. ఆఁ. ఇటు రా, గీ అద్దం కాడ నిలవడు. ముందుగాల ఒక ముచ్చట చెప్త, గది విన్నంక పెడుదువు. తొందరేమున్నది, చాయ్ సుత రాలే ఇంక.

గీ చెయ్యి జూడు. వేళ్లెన్ని ఉన్నయ్? లెక్కవెట్టు, నవ్వుతవేంది. ఐదు గదా. గవి ఐదే ఎట్ల మిగిలినయో చెప్త.

నేను ఆఖరుకు పనిజేసింది కరుణమ్మ వాళ్లింట్ల. ఈడనే, వెనక గల్లీల. వాళ్లు చర్చికి వొయ్యేటోళ్లు. కోస్తా దిక్కు నుంచి వచ్చి ఈడనే ఉండిపోయిండ్రు. మంచోళ్లు. కరుణమ్మను బడికి నేనే తోల్కపోయిన, కాలేజికి నేనే, నౌకరికి సుత నేనే. నా బిడ్డంత ఉంటది గని అన్నా అనే పిలిశేది. గా పిల్ల పెండ్లి. పంజాగుట్ట చర్చిల, పొద్దుగాల పదిన్నరకు. వీళ్లది అయినంక అదే చర్చిల ఇంకో పెండ్లి ఉండె. లేటైతె వాళ్లు వచ్చి కూసుంటరు, జర టైముకు రార్రి అని పాస్టరు గారు ముందే చెప్పిండట.

సారు, మేడం ముందు కార్ల వోయిండ్రు. నా కార్ల పెండ్లిపిల్ల, వాళ్ల నాయినమ్మ. నాయినమ్మ అంటె మార్తమ్మగారు. ఆమెను నువ్వు జూడాలె కొడుకా. కార్ల ఎక్కియ్యాల్నంటె ఇద్దరు కావాలె, ఒకరు గుంజాలె, ఒకరు నూకాలె. మోకాళ్ల నొప్పులు. మాటలకు మాత్రం ఏ నొప్పీ లేదు. నేను గప్పటికే పాతికేండ్ల డ్రైవర్ను గదా, నాకు బ్రేకు ఎప్పుడు కొట్టాల్నో సుత ఆమెనే చెప్తుండె.

నేను గప్పుడు ఇస్త్రీ అంగి తొడుక్కొని, కార్ అంత పూలు గట్టి... పూలు గట్టింది నేను గాదు, సారు తమ్ముడు. నేను దారం వట్టుకున్న. సరే. అమీర్‌పేట కాడికొచ్చినం. పైన మెట్రో వోతున్నది. వెనక ఎడమ దిక్కు దబదబ అని సప్పుడు. స్టీరింగు గుంజుతున్నది. ఎడమ దిక్కంటె మార్తమ్మగారు కూసున్న దిక్కే. గా ముచ్చట ఆమెకు చెప్పలే.

మెల్లగ పక్కకు తీసిన. గిది మంచిగ జేసిన, రాసుకో. గాలి వోయిందని గట్టిగ బ్రేకు కొట్టద్దు. హ్యాండ్ బ్రేకేసిన, గేరుల వెట్టిన, నాలుగు లైట్లు టకటక కొట్టేటట్టు పెట్టిన. దిగి జూస్తె వేలంత పెద్ద స్క్రూ గుచ్చుకున్నది. నేను పనిల కొత్తల పంచరుకు రెండు రూపాయలు, అర్ధ రూపాయకు చాయ్... సరే, చాయ్ ముచ్చట మల్ల.

ఇగ టైరు మార్చాలె. మార్చాల్నంటె కార్లకెళ్లి మనుషుల దించాలె. గది నాకు తెల్వదా? తెలుసు. సనత్‌నగర్‌ల నాకు పని నేర్పిన ఉస్తాదు మొట్టమొదలు చెప్పిందే గది. మనుషుల దించు, ముందు టైరుకు రాయి అడ్డం వెట్టు, కారు లేపకముందే బోల్టులు జర లూజు చెయ్యి, ఇప్పిన టైరు కారు కిందికి నూకు. ఎందుకు ఉస్తాద్ అంటె, బండి కూసుంటె టైరు మీద కూసుండాలె బేటా, నీ మీద గాదు అన్నడు.

అన్నీ తెలుసు. గని తెల్ల పట్టుచీరె కట్టుకొని, తలకు ముసుగేసుకున్న పెండ్లిపిల్లను అమీర్‌పేట రోడ్డు మీద దిగుమని ఎట్ల చెప్పాలె? మార్తమ్మగారిని ఎట్ల దిగుమనాలె? ఎక్కియ్యడానికే ఇద్దరు పట్టిండ్రు. పెద్దమనిషి. ఏమనుకుంటదో. మొగమాటం. కూసోర్రి అమ్మా, పది నిమిషాలల్ల అయిపోతది అన్న. పైంగ నవ్విన సుత.

రాయి కోసం జూసిన. అమీర్‌పేటల రాయి దొరుకుతదా? ఏ కంప్యూటర్ కోర్సు కావాల్నన్నా దొరుకుతది, రాయి దొరకది. తియ్, హ్యాండ్ బ్రేకు ఉన్నది గదా అనుకున్న.

జాకీ తిప్పుతున్న, తిప్పుతున్న. కారు లేస్తలేదు. రోజు లేశే కారే. పైన మార్తమ్మగారు అద్దం దించి, “ఏంటి మల్లయ్యా, అయ్యిందా?” అంటది. అయితది అమ్మా అంట. రెండు తిప్పులు తిప్పంగనే మల్ల, “ఏంటి, ఇంకా అవ్వలేదా?” అట్ల అట్ల లేపిన. లేపినంక బోల్టులు గుంజి గుంజి టైరు ఇప్పిన. ఉస్తాదు చెప్పిన నాలుగుల మూడు ఇడిశిపెట్టిన గని చేతులకు అలవాటున్నది జూడు, ఇప్పిన టైరును కారు కిందికి నూకిన. సక్కగ పడలేదని చెయ్యి లోపటికి వెట్టి జరుపుతున్న.

గప్పుడే మార్తమ్మగారు నేనేం జేస్తున్ననో జూద్దామని అద్దంలకెళ్లి సగం బయటికి వంగింది.

జాకీ ఒరిగింది. సప్పుడు సుత పెద్దగ కాలే. కారు ధబ్బుమని కూసున్నది. టైరు మీద కూసున్నది. కారుకు భూమికి నడుమ జానెడు సందు మిగిలింది. గా జానెడు సందుల నా చెయ్యి.

గుంజుకున్న. గుంజుకొని ఫుట్‌పాత్ మీద కూలవడ్డ. నాకు చెయ్యి ఉన్నదో పోయిందో తెలుస్తలేదు. జూద్దామంటె భయం, చెయ్యి సంకల వెట్టుకొని కండ్లు మూసుకున్న.

కరుణమ్మ దిగింది. రోడ్డు, మట్టి ఏం జూడలే. నా ముందల మోకాళ్ల మీద కూసున్నది. నా చెయ్యి గుంజి, అంత నల్లగ గ్రీసు, తన తెల్ల కొంగుతోని తుడిశింది. తుడిశి ఒక్కొక్క వేలు వట్టుకొని లెక్కవెట్టింది. ఒకటి, రెండు, మూడు... బయటికే లెక్కవెడుతున్నది. ఐదు అన్నది. రెండో చెయ్యి సుత తీసుకొని లెక్కవెట్టింది. గా చేతికి ఏం గాలే తల్లీ అంటె వినలే.

ఇగ మార్తమ్మగారు. నేను తిడుతదనుకున్న. తలుపు తానే తీసింది. తానే దిగింది కొడుకా, ఒక్కతే, తలుపు వట్టుకొని. పక్కన ఇడ్లీ బండాయన స్టూలు ఏస్తె దాని మీద కూసున్నది. కూసొని నా దిక్కు జూసి అడిగింది.

“నన్ను దిగమని అడిగావా నువ్వు?”

లేదమ్మా అన్న.

“అడిగితే దిగనా?”

ఆమె దిగదని నాకు నేనే అనుకున్న. ఆమెను అడగనే లేదు.

ఇగ అన్నీ ఉస్తాదు చెప్పినట్టే జేసిన. కరుణమ్మ వోయి ఇడ్లీ బండి చక్రం కింది ఇటుక అడుక్కొచ్చింది. గాయన పాపం గా అంతసేపు బండిని కాలుతోని ఆపుకుంట ఇడ్లీలు పెట్టిండు. జాకీ దించి, కారు కింద గట్టి జాగల మల్ల వెట్టిన. ఈసారి ఎంత అల్కగ లేశిందంటె, ఇగ నీకు చెప్పద్దు, మార్తమ్మగారికి తెలిస్తె బాధవడుతది. స్టెప్నీ ఎక్కిచ్చి, బోల్టులు ఒకదాని ఎదురుంగ ఒకటి బిగిచ్చిన, పక్కపక్కయి గాదు. కారు దించినంక మల్లోసారి గట్టిగ బిగిచ్చిన. ఇటుక వాపసిచ్చినం. మార్తమ్మగారిని నేను గుంజిన, ఇడ్లీ బండాయన నూకిండు.

పదిన్నర దాటింది. పాస్టరు గారు పాట ఒకటి ఎక్కువ పాడిచ్చి కూసోవెట్టిండు అందరిని. కరుణమ్మ కొంగు మీద నల్లమరక అట్లనే ఉన్నది. వాళ్లమ్మ కుచ్చిళ్ల దాచబోతె వద్దన్నది. నేను వెనక వరుసల తలకాయ వంచుకొని కూసున్న. తర్వాత ఫొటో ఆయన కంప్యూటర్ల తీసేస్త మేడం అన్నడట. ఉండనియ్యి, అది మా అన్న చెయ్యి అన్నదట. ఇప్పటికి వాళ్లింట్ల గోడకు ఉన్నది గా ఫొటో.

ఆఁ. గంతే ముచ్చట.

ఇగ నువ్వు. నువ్వు సుత నా అసొంటోనివే, నాకెరుకే. రూము కిరాయి ఇయ్యడానికొచ్చి తలుపు కొట్టకుంట బయట నిలవడుతవు. రేపు పెద్దపెద్దోళ్లు కూసుంటరు నీ కార్ల. జాకీ ఎవలైన తిప్పుతరు కొడుకా. నోరు తిప్పుడే కష్టం. ఇందాక జాకీ వట్టుకొని వచ్చినవు గదా, గప్పుడు నేనెక్కడున్న? కార్లనే ఉన్న. ఇప్పుడు సుత కార్లనే ఉన్న. గప్పటిసంది నువ్వు దిగుమంటవేమో అని జూస్తున్న, నా నడుము పట్టేసింది.

చెప్పు ఇప్పుడు.

వినవడలే. భూమికి చెప్తున్నవా నాకు చెప్తున్నవా? మొకం జూసి చెప్పు.

“తాతా... జర దిగుర్రి.”

ఆఁ. దిగుత బిడ్డా, ఎందుకు దిగను. చెయ్యి ఇయ్యి. ఏదీ, రెండోది సుత ఇయ్యి. పది. సల్లగుండు కొడుకా. ఎప్పుడు లెక్కవెట్టినా నీ పది వేళ్లు పదే ఉండాలె. ఇగ పో, ముందుగాల రాయి తే.