మునిగిన ఊరికి చీటి

కొంరవ్వ అని ఉండె, మా హమాలి ఐలయ్య తల్లి. ఆమె నోటికి జడిసి ఆ వాడకు కుక్క గూడ రాకపోయేది. బొల్లోనిపల్లె వాళ్లది. ఆ ఊరు ఇప్పుడు లేదు, డ్యాం కట్టిన్రు, మునిగింది. మనుషులు కాలనీకొచ్చిన్రు, దేవుళ్లను తెచ్చుకున్నరు, ఇంటి తలుపులు గూడ పీక్కొచ్చిన్రు. బొందలగడ్డను ఎవడు ఎత్తుకొస్తడు చెప్పుండ్రి? సచ్చినోళ్లు, కొంరవ్వ మొగడు గూడ, ఆడనే ఉండిపోయిన్రు. పెత్రమాసకు వాళ్ల పేరు మీద బియ్యమిచ్చుడు గూడ ఆగిపోయింది. ఎవరి బాధల్ల వాళ్లున్నరు, ఏం జేస్తం.

నేనేమో సొసైటీ గోదాం బండి డ్రైవర్ను. ఎనిమిది ఊర్ల దుకాణాలకు ఉప్పు, బియ్యం, బెల్లం మేమే ఏస్తం. ముందుగాల ఎట్లుండేదంటె, ఏ ఊర్ల ఏం ఒడిసిపోతదో కంప్యూటర్ లెక్కగట్టి చెప్పేది, మురళీధర్ సారు చూసి ఔ అని నొక్కితెనే మిల్లుకు ఆర్డర్ పోయేది, మాకు చీటి వచ్చేది. రోజూ నొక్కి నొక్కి సారుకు యాష్టకొచ్చిందంట. నువ్వే లెక్కగట్టు, నువ్వే ఆర్డర్ పెట్టు, బండి గూడ నువ్వే పంపు, నన్నడుగకు అని దానికి నేర్పిండు. నేర్పిండు గని ఏమైందంటె, మునిగిన ఊరి పేరు అందుల నుంచి తీసుడు మర్చిండు.

వారం తిరగంగనే వచ్చింది చీటి. బొల్లోనిపల్లె, బియ్యం నాలుగు బస్తాలు, ఉప్పు రెండు. నేను నవ్విన. "ఏం రా ఐలయ్యా, చేపలకా?" అన్న. వాడు నవ్వలె. "చీటిల ఉంటె దించాలె అన్నా" అన్నడు. హమాలోళ్ల రివాజు అది, చీటిల ఉన్నది దించకుంట వాపసు తెస్తె బండికి అరిష్టమంటరు. సరే అని పాత రోడ్డు నీళ్లల్లకు దిగేకాడ దించినం. మిట్టమధ్యాహ్నం, గాలి లేదు, పిట్ట లేదు. బండి మలుపుకొని చూసేవరకు బస్తాలు లేవు. నేల మీద ఈడ్చిన జాడ గూడ లేదు. గోదాంకొచ్చేసరికి, సరుకందినంక దుకాణపోళ్లు నొక్కేటట్టే, కంప్యూటర్ల "ముట్టింది" అని పడి ఉన్నది. ఎవడు నొక్కిండు? సారుకు చెప్తె, ఊరి పేరు రేపు తీస్త రేపు తీస్త అనుకుంటనే ఉండె.

అట్ల నెలరోజులు అనుకో. పెత్రమాస ఇంకో ఐదు రోజులున్నదనంగ చీటి కింద ఒక వరుస ఎక్కువొచ్చింది. "హమాలి, ఒకరు. పెత్రమాస, పగలు పన్నెండు." సరుకు ఎక్కువున్న రోజు దుకాణపోళ్లు మనిషిని గూడ అడుగుతరు, అది మామూలే. గని నీళ్ల కింది దుకాణానికి మనిషేంది? మా బండికి హమాలి ఐలయ్య ఒక్కడే. సారు దాన్ని కొట్టేసిండు. తెల్లారి మళ్ల వచ్చింది, ఒక రోజు ముందుకు జరిగి. మళ్ల కొట్టేసిండు, మళ్ల వచ్చింది, ఇంకో రోజు ముందుకు. జరిగి జరిగి రేపటికొచ్చింది. ఐలయ్యేమో అన్నం ముట్టడు. "అన్నా, మా నాయిన పిలుస్తున్నడే, పోవాలె" అనవట్టె.

కొంరవ్వకు తెలిసింది. కొంగు నడుముకు చుట్టి గోదాంకొచ్చింది. "ఏమయ్యా సారూ, నా కొడుకును పంపుతానికి నీ డబ్బ ఎవతి? పలగ్గొట్టు దాన్ని!" అన్నది. సారు ఏడ్సుకుంట చెప్పిండు, అవ్వా, డబ్బ పలిగినా ఆర్డర్ పోదు, ఊరి పేరు తీద్దామంటె ఆర్డర్ ఉండంగ తియ్యనిస్తలేదు, ఆడికి మనిషి ముట్టినట్టు పడితేనే ఆగుతది అని. ఆమె "మొగోడే కావాల్నని రాసున్నదా?" అన్నది. "లేదవ్వా, ఒకరు అనే ఉన్నది" అన్నడు.

తెల్లారి కొడుకును ఇంట్లేసి గొళ్లెం పెట్టి నా బండెక్కింది. దండం పెట్టుకొని వస్తదనుకున్న, నా బుద్ధి మండ! నీళ్లకాడ దిగి మొగని పేరు పెట్టి తిట్టింది. "ఓ నర్సింలూ, సిగ్గుందా నీకు? పెత్రమాసకు మేం నీకు బియ్యం పెట్టలె, తప్పే. దానికి కన్నకొడుకునే అడుగుతవా? నీ ఇంటి బరువు ఇన్నేండ్లు నేను మొయ్యలేదా? నేనొస్తున్న ఉండు" అన్నది. నాతోనే బియ్యం మూట తలకెత్తించుకొని, పాత రోడ్డు పట్టి నీళ్లల్లకు నడిచింది. అంగడికి పోయినట్టే పోయింది. నేను ఉరికిన, మెడలోతు దిగిన, కేకలేసిన. బుడగ గూడ రాలె.

గోదాంల చూస్తె, "హమాలి, ఒకరు, ముట్టింది." సారు ఇగ ఊరి పేరు తీసేద్దామని కూసున్నడు. ఇప్పుడు తియ్యనిస్తున్నది గూడ. అప్పుడు ఐలయ్య ఉరికొచ్చి సారు చెయ్యి పట్టుకున్నడు. "తియ్యకు సారూ. మా అమ్మ ఏం తింటది?" అన్నడు.

తియ్యలె. ఇప్పటికీ చీటి వస్తది, నేను తోల్త, వాడు దించుతడు, ఇద్దరం వెనుకకు చూడం. నమ్మితె నమ్ముండ్రి, లేకుంటె పండుండ్రి. గని ఆ దిక్కు పోయే పనుంటె మాత్రం నా బండి ఎక్కుతనని అడుగకుండ్రి, ఎక్కించుకోను.